వాటాలు

హాంబుర్గ్‌లో అక్టోబరు గాలి
నది మీంచి తిన్నగా మా మెట్లెక్కి వస్తుంది.
అమ్మ కిటికీ సందుల్లో పాత మేజోళ్ళు కుక్కుతుంది.
ఎంత కుక్కినా
చలి ముందు తట్టేది తమ్ముడి మోకాళ్ళనే.

మంగళవారం పుట్టాడు గనక క్వబెనా.
నాన్న వాళ్ళ ఘనాలో వారమే పేరు,
వెతుక్కునే పని లేదు.
అమ్మ ఊరుకోక
వాళ్ళ తాత పేరు స్టెలియోస్ కూడా తగిలించింది.
ఆస్పత్రి కంప్యూటర్‌లో అంత పేరు పట్టదు.
ప్రతిసారీ తాత సగంలో తెగిపోతాడు.

వాడికి నాలుగేళ్ళప్పుడు
డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది,
గుండ్రటి కణం కొడవలిలా వంగడం.
"వంపు నాన్నగారి వైపు నుంచి.
లోటు అమ్మగారి వైపు నుంచి.
ఏదో ఒకటే అయితే ఏమీ కాదు.
రెండూ ఒకరికే రావడం..."
అని ఆగి, పెన్నుకి మూత పెట్టింది.

ఆ రాత్రి నాన్న వండిన వేరుశనగ పులుసు
పొయ్యి మీదే అడుగంటింది.
మా వాళ్ళది చిత్తడి నేల, అంది అమ్మ,
పిల్లలు చలిజ్వరంతో రాలిపోయేవాళ్ళట.
మాదీ అంతే, అన్నాడు నాన్న.
అక్కడొక ముత్తవ్వ నెత్తురు
దోమని బోల్తా కొట్టించే ఉపాయమొకటి కనిపెట్టింది.
సముద్రాల కవతల ఇంకో ముత్తవ్వ, ఇంకో ఉపాయం.
ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ
ఇంత దూరం వచ్చి
మా తమ్ముడి ఒంట్లో వియ్యమందారు.

పంపకంలో నాకు
రెండు వైపులా మంచి చెక్కే వచ్చింది.
నాన్న జుట్టు, అమ్మ ముక్కు,
నిక్షేపంలాంటి నెత్తురు.
నేనేం అడిగి తీసుకోలేదు.
ఎవరూ నన్నేమీ అనలేదు కూడా.
అంటే బాగుండేదనిపిస్తుంది ఒక్కోసారి.

నాన్న జర్మన్ అమ్మ జర్మన్ కన్నా నయం.
అయినా అర్ధరాత్రి ఎమర్జెన్సీలో
అమ్మే ముందు నిలబడుతుంది,
వ్యాకరణం తప్పులతో, తెల్లటి మొహంతో.
నాన్న గోడవార బల్ల మీద
గోడౌన్ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు.
అలా అని ఇంట్లో ఎవరం అనుకోలేదు.
ఒకసారి నాన్న ముందు నిలబడ్డ రాత్రి
నొప్పి మందుకి మూడు గంటలు పట్టింది,
అంతే.

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత, అని అడుగుతారు.
నర్సుకి జర్మన్‌లో ఆరు అంటాడు.
అమ్మకి గ్రీకులో ఏం లేదమ్మా అంటాడు.
నాన్నకి ట్వీలో కొంచెమే అంటాడు.
ఇంటికొచ్చాక
మా రెండు మంచాల మధ్య చెక్క గోడ మీద
కణుపులతో కొడతాడు.
నేను లెక్కపెడతాను.
ఎనిమిది దాటితే లేచి
రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోస్తాను.
పది ఎప్పుడూ కొట్టలేదు.
"అది దాచుకుంటున్నా" అన్నాడు,
"ఇంకా పెద్దదొస్తే ఏం కొట్టను?"

మొన్న ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది.
నా మూలుగ వాడికి సరిపోలేదు. సగమేనట.
ప్రపంచం జాబితా అంతా గాలించారట.
ఇటు సగం సరిపోయే వాళ్ళున్నారు,
అటు సగం సరిపోయే వాళ్ళున్నారు,
మాలాంటి వాళ్ళం మాత్రం
మేమిద్దరమే.
బళ్ళో మమ్మల్ని అనే మాటే,
ముద్ర వేసి, సంతకం పెట్టి పంపారు.
నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.
వాడు తలుపవతల నుంచి,
"సగమక్కా, నీళ్ళ బిల్లు వాళ్ళు కట్టరు" అన్నాడు.

నిన్న రాత్రి గోడ మీద నాలుగు.
మంచిదే, నాలుగంటే నిద్రపోవచ్చు.
కాసేపటికి ఇంకొకటి.
ఐదా?
ఉన్నావా అనా?
ఏమని అడగను?
నేనూ ఒకటి కొట్టాను.
వాడు రెండు కొట్టాడు.
నేను మూడు.
పక్కగదిలోంచి అమ్మ
గ్రీకులో అరిచింది,
ఇద్దరికీ కలిపి ఒకటే తిట్టు.